అణు పొయ్యి మీద సజ్జ కల్లం

ముందుగాలనే ఒప్పుకుంటున్న: నేను పెంచి చెప్పే మనిషిని. పులిని చూసిన అంటే మా ఇంటామె పిల్లి అనుకుంటది. పిల్లిని చూసిన అంటే, అక్కడ ఏమీ లేదని తెలుసుకుంటది. నౌకరీ చేసినన్నేండ్లు సర్కారు గొలుసు పట్టుకొని భూమిని అంగుళం తప్పు పోకుండ కొలిచిన. గా కడుపుమంట ఇప్పుడు నోట్లకెళ్లి బయటపడ్తున్నది. అందుకని, కొత్తగా నౌకరీలకెక్కిన పిలగాండ్లు, నేను చెప్పేదాన్ని సగానికి మడిచి జేబుల పెట్టుకోండి. ఒక్క జాగాల మాత్రం పెంచుడు కాదు, ఉత్తగనే పుట్టించిన. అదేందో ఆఖరుకు నేనే చెప్త.

సంగతేందంటే, అరవై ఐదుల పాకిస్తానుతోని లడాయి జరిగినప్పుడు, దేవరకొండ అవతల ఒక అణు కరెంటు కార్ఖానాను శత్రువు విమానాల బారి నుంచి కాపాడిన వీరులల్ల నేనొకన్ని. నవ్వకండి. మేం కావలున్నన్ని రోజులు దాని మీద ఒక్క బాంబు పడలేదు. ఒక్క ఇటుక ఊడలేదు. ఊడనీకె అక్కడ ఇటుకే లేదు, అది వేరే ముచ్చట.

బొంబాయి దిక్కు సముద్రపొడ్డున దేశంల మొదటి అణు కరెంటు కార్ఖానా లేస్తున్న రోజులవి. దక్షిణం దిక్కు ఇంకోటి కట్టాల్సి వస్తే జాగా చూసి పెట్టుకుందామని పైన ఎవరికో బుద్ధి పుట్టింది. అడుగున గట్టి రాయి ఉండాలె, పక్కన నది ఉండాలె, జనం తక్కువుండాలె. రాయి విషయంల మా నల్లగొండ, పాలమూరు జిల్లాలను మించిన జాగా భూమ్మీద లేదు. ఇక్కడ మొక్క మొలవాలంటే ముందు రాయిని అడిగి మొలవాలె. కృష్ణ పక్కనే పారుతది, మాకు తప్ప అందరికీ నీళ్లిస్తది. అట్ల ఒక క్యాంపు పడ్డది. కొల్లాపూర్ దిక్కు కాపోళ్ల పిలగాన్ని, ఉర్దూల మెట్రిక్ గట్టెక్కినోన్ని, నన్ను సర్వేయరుగా అందుల ఏసిండ్రు.

క్యాంపు అంటే నాలుగు డేరాలు, ఒక జీపు. దిగుడు దారిల జీపు మమ్మల్ని మోసేది, ఎక్కుడు దారిల మేం జీపును మోసేది. ఎండ సంగతి చెప్తే మీరు నమ్మరు. మూడు కాళ్ల మీద నిలబెట్టిన దుర్భిణి మధ్యాహ్నం పూట తనంత తానే నీడకు జరిగేది.

క్యాంపుకు పెద్ద, రాళ్ల శాస్త్రం చదివిన ఒక సారు. సముద్రం దిక్కు సర్కారు జిల్లాల నుంచి వచ్చినాయన. మా మాట వింటే ఆయనకు నవ్వొచ్చేది, ఆయన మాట వింటే మాకు నిద్రొచ్చేది. అట్ల ఇద్దరికీ లాభమే. ఈ జాగా ఖాయమైతే కార్ఖానాకు మొదటి పెద్ద తానే అవుతడని ఆయనకు గట్టి ఆశ. తన బంగ్లా ఎటు మొగాన ఉండాలో డేరా పక్కన ఒక బండ మీద బొగ్గుతోని గీసి పెట్టుకున్నడు. ఒకనాడు నన్ను ఆ బొమ్మ పక్కకు జరుగమన్నడు, వసారా తొక్కుతున్నవని.

కార్ఖానా నడుమ అణు పొయ్యి ఉంటదట. ఆ పొయ్యి వచ్చే జాగాను నేనే కొలిచి, నట్టనడుమ ఒక గూటం పాతి, చుట్టూ సున్నంతోని గుండ్రంగ గీత గీసిన. చంద్రుని మీద కూసున్నోనికి కూడ కనవడేంత తెల్లగ.

ఆ గుండ్రం పడ్డది ఒక పెద్దమ్మ చెల్కల. పెనిమిటి పోయినంక ఆ ఎర్రమట్టి చెల్కల సజ్జ, కంది ఏసుకొని ఆమె, కోడలు బతుకుతున్నరు. కొడుకు కృష్ణ మీద డ్యాం కట్టే కాడ రాళ్ల పనిల ఉన్నడు. జాగా ఖాయమైతే చెల్క పోతది. అది ఆమెకు తెల్సు. ఆమెకు తెల్సని మాకు తెల్సు. అయినా రోజూ ఒక ముంత సల్ల తెచ్చి పోసేది, పోస్తూ తిట్టేది.

"నా చెల్క గుంజుకోనీకె కొలిచేటోనికి నేనే సల్ల పోస్తున్న. నా అసొంటి పిచ్చిది ఈ జిల్లాల ఇంకోతి ఉన్నదా కొడుకా?"

నేను ముంత ఖాళీ చేసి, లేదు పెద్దమ్మా అని ఒప్పుకునేటోన్ని. దేశం భవిష్యత్తు కోసం నేను పాతిన గూటాలకు ఆమె తన మేకలను కట్టేసుకునేది. ఆ లెక్కల ఇద్దరం బరాబరు.

ఇంతల లడాయి మొదలైంది. దేవరకొండల రేడియో ఉన్న హోటలు ముంగట జనం చాయ్ తాగుడు మర్చిపోయి నిలబడ్డరు. ముఖ్యమైన జాగాలన్నిటిని శత్రువు విమానాలకు కనవడకుండ కప్పిపెట్టాలె అని పై నుంచి తాకీదు వచ్చింది. డ్యాంలు, వంతెనలు, రైలు స్టేషన్లు ఉన్న ఆ వరుసల మా పెద్దమ్మ చెల్క ఎట్ల ఎక్కిందో ఆ దేవునికే తెల్వాలె. తాకీదు ఎంబడి ఒక పోలీసు జమేదారు కూడ వచ్చిండు. నిజాం జమానాల భర్తీ అయినాయన. మీసాలు మాత్రం ఇంకా ఆ జమానాలనే ఉన్నయి. ఆయన చేతికి ఒక విజిలు, ఒక లాఠీ ఇచ్చి పంపిండ్రు. విమానం వస్తే విజిలు ఊదాలె. మరి లాఠీ ఎందుకు సాబ్ అంటే, విమానం కిందికి దిగితే పనికొస్తదన్నడు.

మేం నవ్వుకున్నం గాని సారు నవ్వలేదు. ఇయ్యాల గూటమే కావచ్చు, రేపు ఇక్కడ నిజంగనే పొయ్యి లేస్తే, అప్పుడు ఇంకో లడాయి వస్తే ఏం గతి అని ఆయన ఆలోచన. ఆ పొద్దు అన్నాల కాడ నేను అడిగిన, దాని మీద బాంబు పడితే జపానుల పేలినట్టు పేలుతదా అని.

"అలా పేలదోయ్," అన్నడు సారు. "గోడలు గట్టిగానే కడతారు. అసలు బెడద గోడతో కాదు. అదిగో, పొయ్యిలో కట్టె లాగేసినా అన్నం కుండ ఇంకా ఉడుకుతోంది చూడు. ఇదీ అంతే. ఆర్పేశాక కూడా రోజుల తరబడి ఉడుకుతూనే ఉంటుంది. ఎప్పుడూ నీళ్లు పోస్తూనే ఉండాలి. యుద్ధంలో పంపుకి కరెంటు తెగిందనుకో. గొట్టం పగిలిందనుకో. పోసేవాళ్లే ప్రాణభయంతో పారిపోయారనుకో. కుండ అడుగంటి పగులుతుంది. అందులో ఉన్నది ధూళై గాలికెక్కుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు."

మరి ఈ సంగతి శత్రువుకు ఎవరు చెప్తరు సార్ అని నేనంటే, ఆయన పచ్చడి ఇటు జరుపు అన్నడు.

తెల్లారి ఈ ముచ్చట పెద్దమ్మకు చేరేసిన. నా నోట పడ్డంక అది ఎంత పెరిగి ఉంటదో మీకు ఎరికే. ఆమె అంతా విని, మేకలను విప్పుకొని పోయింది. ఆ దినం తిట్టలేదు.

ఇగ కప్పిపెట్టే పని. సున్నం గీత చెరిపేస్తే అయిపోయేది. కాని జాగా చూడనీకె బొంబాయి నుంచి పెద్ద దొర వస్తున్నడని కబురు. దొరకు గుండ్రం కనవడాలె, శత్రువుకు కనవడొద్దు. సారు తల పట్టుకొని కూసున్నడు.

"గుండ్రంగా ఉండి, ఈ ప్రాంతంలో పైనుంచి చూస్తే ఎవడూ పట్టించుకోనిది ఏదైనా ఉందటోయ్?"

"కల్లం సార్," అన్న.

ఒక్క మాటకు నా ఛాతీ ఎంత పొంగిందంటే అంగీ గుండీలు దేవరకొండ ఖిల్లా దాక ఎగిరినయి. పంట నూర్చే కల్లాలు ఊరి చుట్టూ ఉండేవే. ఏ పైలటు వాటి మీద బాంబు దండుగ చేసుకుంటడు? సారు నా భుజం తట్టిండు. పెద్దమ్మను అడిగితే, సర్కారు పనా అని ఒకసారి చూసి, సరే అన్నది.

ఆమె, కోడలు కలిసి గడ్డి చెక్కిండ్రు, నీళ్లు చల్లిండ్రు, ఎడ్లతోని తొక్కించిండ్రు, పేడతోని అలికిండ్రు. నా గూటం నెత్తి మీదనే, అంగుళం అటు ఇటు కాకుండ, నడుమ గుంజ పాతించిన. ఆ గుంజకు ఆమె పసుపు రాసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టింది. నేను వేషం అనుకున్నదాన్ని ఆమె ముహూర్తం అనుకున్నది.

నేను బోల్తపడ్డది ఇక్కడనే. కాపోళ్ల ఇంట్ల పుట్టినోనికి ఈ సంగతి యాది ఉండాలె: అలికి, గుంజ పాతి, టెంకాయ కొట్టిన కల్లం ఉత్తగ ఉండొద్దు. ఉంటే ఆ ఏడు గింజ ఇంటికి రాదంటరు. తెల్లారేసరికి పెద్దమ్మ సజ్జ కంకులు కల్లంల పడ్డయి. వాటి ఎనుక పక్క చెల్కోళ్లవి వచ్చినయి. సర్వేయరు కొలిచిన కల్లం కదా, అంత గుండ్రమైన కల్లం జిల్లాల ఇంకోటి లేదని మూడు తండాలల్ల పేరు పోయింది. ఎడ్లు అణు పొయ్యి చుట్టూ తిరుగుడు మొదలుపెట్టినయి.

సారు డేరాలకెళ్లి బయటికొచ్చి చూసి, ఇదేవిటోయ్ అన్నడు.

"ఇప్పుడు శత్రువు ఎంత కిందికి దిగి చూసినా కల్లమే కనవడ్తది సార్. అసలు కల్లం."

ఆయన ఎనుకకు తిరిగి డేరాలకే పోయిండు. రాళ్ల శాస్త్రంల ఎడ్ల సంగతి చెప్పలేదు గద.

కల్లం మొదలైందంటే దాని ఖానూన్లు దానికుంటయి. చెప్పులతోని తొక్కొద్దు. ఎన్ని గింజలైనయని అడగొద్దు. ఖాళీ గంప బోర్లించొద్దు. ఈల కొట్టొద్దు. ఈ ఆఖరు ఖానూనుతోని దేశ రక్షణకే దెబ్బ తగిలింది. ఒక మధ్యాహ్నం నిజంగనే ఒక విమానం వచ్చింది. జమేదారు విజిలు నోట్ల పెట్టిండు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"జమేదార్ సాబ్, కల్లంల ఈల కొట్టొద్దు. లచ్చిమి లేసిపోతది."

"అమ్మా, కొట్టకుంటే నా నౌకరి లేసిపోతది."

ఇద్దరిదీ నిజమే. ఆఖరుకు ఆయన చెల్క గట్టు దాటి, వాగు దాటి, లచ్చిమికి వినవడనంత దూరం ఉరికి ఊదిండు. అప్పటికి విమానం కర్నూలు దాటి ఉంటది. అది మనదే అని తర్వాత తెలిసింది.

లడాయి ఆగిందని రేడియో చెప్పింది గాని, తాకీదు వాపసు రాలేదు. కల్లం ఆగలేదు. గా నడుమనే బొంబాయి దొర వచ్చిండు.

పొద్దున పూటనే వచ్చిండు. తాడిచెట్టుకు తమ్ముడంత పొడుగు. బూట్లు నా మొఖం కంటె తెల్లగ నిగనిగలాడ్తున్నయి, నల్ల బూట్లయి కూడ. గుండ్రం దగ్గరికి అడుగేసిండో లేదో పెద్దమ్మ నా దిక్కు చూసి, చెప్పులిడిసి రమ్మను అన్నది. దొరకు తెలుగు రాదు. ఉర్దూల నేనే చెప్పాలె. ఎంత మర్యాదగ చెప్పిన అంటే, బూట్లు విప్పుడు ఆయనకు సన్మానం అన్నట్టు చెప్పిన. ఆయన విప్పి పక్కన పెట్టి, సజ్జ కంకులల్ల మేజోళ్లతోని నడుచుకుంట పోయి గుంజ మీద చెయ్యేసిండు. పొయ్యి ఇదేనా అని అడిగిండు. సారు, సరిగ్గా ఇదే అన్నడు. జమేదారు సెల్యూట్ కొట్టిండు.

కల్లానికి తూర్పు పక్క, ఊరి దిక్కు, గుడ్డ పందిరి కింద బల్ల ఏసి చాయ్ పెట్టినం. సారు పటాలు పరిచిండు. దొర ఒక్కొక్కటి అడుగుతడు, సారు చెప్తడు. రాయి సంగతి అడిగిండు, నీళ్ల సంగతి అడిగిండు. లడాయి వస్తే ఎట్ల అని అడిగిండు. సారు దానికి ముందుగాలనే తయారు: సరిహద్దు దూరం, సముద్రం దూరం, చుట్టూ గుట్టల చాటు, విమానం ఇంత దూరం రానే రాదు. దొర తల ఊపిండు. ఆయన తల ఊపినప్పుడల్ల సారు బంగ్లాకు ఒక అర్ర పెరుగుతున్నట్టు నాకు కనవడ్డది. ఇంకో గడియ అట్లనే ఊపితే పెద్దమ్మ చెల్క పోయినట్టే. ఆమె గుంజ దగ్గర నిలబడి మా తలలనే చూస్తున్నది.

అప్పుడు పడమటి గాలి లేసింది.

నూర్చిన సజ్జను తూర్పార పట్టనీకె ఆమె గాలి కోసమే రోజులుగా ఎదురుచూస్తున్నది. గుంజ పక్కన ముక్కాలి పీట ఏసుకొని ఎక్కింది. కోడలు చాట నింపి అందిస్తే, నెత్తి దాక ఎత్తి మెల్లగ జారవిడిచింది. గింజ కాళ్ల కాడ పడ్డది. పొట్టు గాలికెక్కింది. సారు నాకు సైగ చేసిండు, ఆపమని చెప్పు అని. నేను పోయి చెప్పిన.

"గాలి మీ సారు నౌకరా? మల్ల రమ్మంటే వస్తదా?" అని ఇంకో చాట ఎత్తింది.

సజ్జ పొట్టు ఎరుగని వాండ్లకు చెప్పాలె. అది ఒంటి మీద పడితే దేవుడైనా గీరుకోవాల్సిందే. దొర గీరుకున్నడు. సారు గీరుకున్నడు. జమేదారు ఒక చేత్తోని సెల్యూట్ పట్టి, ఇంకో చేత్తోని గీరుకున్నడు. నిమిషంల దొర నెత్తి పిచ్చుక గూడైంది, పటం మీద కృష్ణ పూడిపోయింది. నేను నవ్వు ఆపుకోలేక పందిరి గుంజ కొరికిన.

అంతట్ల సారు గీరుకునుడు ఆపిండు. లేచి నిలబడి గుంజ దిక్కు చూసిండు. అక్కడి నుంచి పొట్టు పోయే దారి చూసిండు. అది మా బల్ల మీదికెళ్లి, మేకల మీదికెళ్లి, ఊరి గుడిసెల మీదికెళ్లి పోతున్నది. చేదబాయి కాడ ఆడోళ్లు నీళ్లు తోడుతున్నరు, వాండ్ల బిందెలల్ల పడ్తున్నది. ఊరు దాటి వాగుల దిగుతున్నది. ఎండకు మెరుస్తున్నది కాబట్టి ఎందాక పోతున్నదో మంచిగ కనవడ్తున్నది.

"ఆ వాగు ఎందులో కలుస్తుందోయ్?" అన్నడు. ఆ పటం గీసింది ఆయనే.

"కృష్ణల సార్."

"తర్వాత?"

"డ్యాం. అది నిండినంక కాల్వలు. హాలియా దిక్కు వరి మడులకు పారిస్తమంటున్నరు."

"మనం పొయ్యి గూటం పాతింది సరిగ్గా ఆవిడ నిలబడ్డ చోటే కదూ?"

"అంగుళం తేడా లేదు సార్," అన్న. సక్కగ కొలిచినందుకు బతుకుల నేను రందిపడ్డది అప్పుడొక్కసారే.

దొర కూడ అటే చూస్తున్నడు. ఇంతమంది తన దిక్కు చూస్తుంటే పెద్దమ్మ చాట ఎత్తి పట్టుకొని, ఏందని నన్ను అడిగింది. చెప్పిన. ఆమె నాతోని కాదు, సీదా దొరతోనే మాట్లాడింది. నేను ఉర్దూల చెప్పుకుంట పోయిన.

"సారూ, గిది సజ్జ పొట్టు. కండ్లకు కనవడ్తది. పొద్దుగూకే వరకు వాకిళ్లు ఊడ్సుకుంటం, బాయిల పడ్డది తోడి పారబోస్తం. మీ పొయ్యిల ఉండేది కనవడదంట గద. ఇంకో లడాయి వచ్చి ఎవడన్న దాన్ని పలగ్గొడితే మేం దేంతోని ఊడ్వాలె? ఎన్నేండ్లు ఊడ్వాలె?"

దొర లేచి నిలబడ్డడు. చేతులు జోడించిండు. గొంతు సవరించుకొని చెప్పిండు: "అమ్మా, ఫికర్ చెయ్యకు. ఏనుగులు గుద్దినా కదలని గోడలు కడ్తం. ఒక పంపు ఆగితే ఇంకోటి, అది ఆగితే మరోటి ఉంటది. చుట్టూ ఫౌజు ఉంటది. అన్నిటికంటె పెద్దది, లడాయి చేసేటోడు కూడ పిల్లలున్నోడే. ఇసొంటి దాని మీద చెయ్యి ఎయ్యొద్దని దేశాలన్నీ ఒక మాట అనుకుంటయి. ఆ మాట మీద నిలబడ్తయి." ఆమె విన్నది. అట్లయితే మంచిదే అని మల్ల చాట ఒంచింది.

దొర బూట్లు దులుపుకొని పోయిండు. సాయంత్రం సారు బండ దగ్గర కూసొని, బొగ్గు బంగ్లాను తడిగుడ్డతోని తుడుస్తుంటే చూసిన. వసారా ఒకటి ఎంతకూ పోలేదు, గోటితోని గీకిండు. కొన్ని నెలలకు హుకుం వచ్చింది: అడుగు రాయిల పగుళ్లున్నయి, జాగా పనికిరాదు. భూమిల నుంచి తీసిన ఆ రాయి ముక్కలను నేను చూసిన. వాటిల మొఖం చూసుకొని గడ్డం గీసుకోవచ్చు. పగుళ్లు ఎవరు చూసిండ్రో నాకు తెల్వదు. చూసే పని మాత్రం సారుది. ఆయనను ఎటో బదిలీ చేసిండ్రు. పెద్దమ్మ నా గూటాలన్నీ పీకి పొయ్యిల పెట్టుకున్నది. మంచిగ మండినయట.

ఇగ మాట ఇచ్చిన కాబట్టి చెప్పాలె. జీపును మోయలేదు, నెట్టినం. జమేదారు వాగు దాటలేదు, గట్టు కాడనే ఆయాసపడి కూసున్నడు. దొర తాడిచెట్టుకు తమ్ముడు కాదు, మన లెక్కనే ఉండె. ఇవన్నీ పెంచినయి. పుట్టించింది ఒక్కటే, దొర జవాబు.

ఆయన లేవలేదు, చేతులు జోడించలేదు. పెద్దమ్మ మాటను నేను ఉర్దూల అడిగిన. వినవడలేదేమోనని సారు ఇంగ్లీషుల మల్ల అడిగిండు. దొర తల ఒంచుకొని చాయ్ల పడ్డ పొట్టును వేలితోని ఒక్కొక్కటే తీసి సాసరు అంచుకు పెట్టుకుంట కూసున్నడు. ఆ జవాబు ఇన్నేండ్లు నేనే కూడబెట్టిన, గోడలు, పంపులు, దేశాల మాట అన్నీ. మీకు చెప్పనీకె మంచిగుంటదని.

పెద్దమ్మ పీట మీదనే నిలబడ్డది, నిండు చాట నెత్తి మీద పట్టుకొని, దొర దిక్కు చూసుకుంట. గాలి తగ్గింది. తగ్గి తగ్గి పడిపోయింది. ఆమె చాట దించలేదు.